కిలో లాప్‌టాప్‌కి పది కిలోల ఫ్యాన్

ఒడాల్మిస్ తిట్లు నాకు వరసన తెలుసు. ముందు అవతలివాడి అమ్మ, తర్వాత ఇద్దరు ముగ్గురు పునీతులు, ఆఖరికి మా ఇళ్ళలో ఉన్న వాషింగ్ మెషీన్ని తయారుచేసి మా నెత్తిన పెట్టి, తర్వాత తనే పటంలోంచి మాయమైపోయిన దేశం. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. మేం ఆటలాడుకునే వీధి నెట్‌లో బూతు మాట్లాడకూడదని నియమం. ఒక్క మాట జారితే ఆ రోజుకి లైను కోసేస్తారు. మతమో రాజకీయమో ఎత్తితే వారం. అందుకని కంప్యూటర్ ఆటలో ఎవడైనా తనని చంపితే ఆవిడ తెరమీద "బాగా ఆడారు, మిత్రమా" అని టైపు చేస్తుంది. ఆ వెంటనే మా గోడకి చెప్పాల్సింది చెబుతుంది.

ఆవిడకి నలభై నాలుగేళ్ళు. పొద్దున పాలీక్లినిక్‌లో జనం వేళ్ళు పొడిచి రక్తం తీస్తుంది, సాయంత్రం కోట కాస్తుంది. ఆట సంగతి ఇంతే: ఈ పక్క ఐదుగురు, ఆ పక్క ఐదుగురు, రెండు కోటలు, వాటి మధ్య మూడు దారులు, దారుల మధ్య అడవి. అడవిలో ఎవడెక్కడ పొంచి ఉన్నాడో పసిగట్టి మిగతా నలుగురికీ చెప్పే పని ఒడాల్మిస్‌ది. కత్తి తిప్పే పనికి అందరూ ఎగబడతారు, కాపలా పని ఎవరికీ అక్కర్లేదు. ఆవిడ జట్టువాళ్ళు మీసాలు ఇంకా నిలకడగా రాని కుర్రకారు. బయట "అత్తా" అంటారు, వెనకాల నవ్వుతారు. ఆటలో మాత్రం ఆవిడ ఆగమంటే ఆగుతారు.

ఇలాంటి మనుషుల గురించి రాసేవాళ్ళు "ఒంటరితనంలో ఆటే ఆమెకి తోడు" అని రాయకుండా ఉండలేరు. ఏం ఒంటరితనం? ఆ ఇంట్లో అక్క మిర్తా, బావ ఎవెలియో, వాళ్ళు టూరిస్టులకి అద్దెకిచ్చే గదిలో ఎప్పుడూ ఎవడో ఒక విదేశీయుడు, మేడమీద కోళ్ళు. ఒంటరితనం ఎక్కడైనా అమ్మితే ఒడాల్మిస్ కొనుక్కునేది. ఆవిడ ఆడేది గెలవడానికి.

ఆ లాప్‌టాప్ ఆవిడకి ప్రయాణపు సామాను తూకంలో దొరికింది. వెనిజులాలో రెండేళ్ళు పనిచేసి తిరిగొచ్చే మా డాక్టర్లూ నర్సులూ టీవీలు, కుక్కర్లు, టైర్లు కూడా కట్టుకొస్తారు. బరువుకి హద్దుంటుంది. ఒడాల్మిస్ హద్దంతా అక్క కుట్టుమిషనుకే పోయింది. మిగిలిన కాస్తలో పట్టింది కిలో బరువున్న ఈ సన్నటి వస్తువు. దిండు గలేబులో పెట్టుకుని దిగింది.

అంత సన్నటి యంత్రాన్ని ఉత్తరాలు రాసుకునేవాళ్ళ కోసం చేశారు. లోపల ఫ్యానుండదు. ఉన్న కాస్త మెమరీనీ పలకకి అతికించేశారు. కోట మీదకి దాడి మొదలవగానే అది వేడెక్కి, తన ప్రాణం కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. అందరూ పరిగెత్తుతుంటే తెరమీద ఒడాల్మిస్ మనిషి మాత్రం మొలాసిస్‌లో, అంటే చెరుకు మడ్డిలో, కాళ్ళు దిగబడ్డట్టు నడిచేవాడు.

దాంతో ఆవిడ యంత్రం మీద పడింది. అతికించింది కాక మెమరీకి ఇంకో ఖాళీ గాడి ఒక్కటి ఉంటే, ఏదో హోటల్ వాళ్ళు పారేసిన కంప్యూటర్లోంచి ఊడదీసిన ముక్క తెచ్చి అందులో దిగ్గొట్టింది. గిర్రున తిరిగే పాత డిస్కు పీకేసి, పనామా నుంచి ఎవరి సూట్‌కేసులోనో షాంపూ సీసాల మధ్య వచ్చిన కొత్త రకం డిస్కు పెట్టింది. తెరిచిన ప్రతిసారీ ఆవగింజంత స్క్రూ ఒకటి నేల మీద పడి పోయేది. అలాంటి స్క్రూ మా మతాన్సాస్ ఊరంతా గాలించినా దొరకదు. కొన్నాళ్ళు అడుగు మూతని ఆస్పత్రి ప్లాస్టరుతో అతికించింది. వేడికి ప్లాస్టరు ఊడింది. చివరికి మూత అక్కర్లేదంది. భోజనశాలల్లో వాడే అల్యూమినియం పళ్ళేన్ని బోర్లించి, యంత్రం కడుపు దానికి ఆనించి, కింద నుంచి గాలి కొట్టడానికి ఫ్యాను బిగించింది.

ఆ ఫ్యానే అసలు గొడవ. మా తరం ఇళ్ళన్నిటిలోనూ ఉండిన రష్యా వాషింగ్ మెషీన్లో బట్టలు పిండే మోటారు అది. డొక్కు తుప్పుపట్టి పోయినా మోటారు చావదు. క్లోరిన్ డబ్బా కోసి రెక్కలు చేసింది. అంతా కలిపి పది కిలోలు. చంకలో పెట్టుకుని పోవచ్చని తెచ్చుకున్న యంత్రం బల్లకి బోల్టులతో దిగిపోయింది. "కోడిపెట్టకి ఎద్దుబండి కట్టావే" అంది మిర్తా. ఫ్యాను వేస్తే మా అలమరలో గ్లాసులు గలగలమనేవి. కానీ కోట మీద ఎన్ని దాడులు జరిగినా లాప్‌టాప్ చల్లగా ఉండేది, ఒడాల్మిస్ మనిషి పరిగెత్తేవాడు. నెల తిరిగేసరికి మా వీధి జట్టు ఊరి పోటీల్లో సెమీఫైనల్‌కి వచ్చింది.

వీధి నెట్ గురించి ఒక్క మాట. అది ఇంటర్నెట్ కాదు. ఇంటర్నెట్ కావాలంటే గంటల లెక్కన అమ్మే కార్డు పట్టుకుని పార్కులో బెంచీ మీద కూర్చోవాలి. ఇది మావాళ్ళు మేడ మీంచి మేడకి లాగుకున్న తీగలు, గడల మీద నిలబెట్టిన పెట్టెలు, ఊరిలోపలే తిరిగే ఆటలు. మేడ ఎవరిది ఎత్తో వాళ్ళ మేడమీద గడ. దానికి చోటూ కరెంటూ ఇచ్చినవాళ్ళకి లైను ఊరికే. మా వీధిలో ఎత్తయిన మేడ ఒడాల్మిస్ వాళ్ళదే కాబట్టి వీధి పెట్టె అక్కడే ఉంది. అది పడితే, అంటే ఆగిపోతే, వీధంతా ఆట బంద్. ఇంకో నియమం కూడా ఉంది: ఒక్కరి తప్పు వల్ల కొమ్మ, అంటే ఒక వీధి లైను, పడితే ఆ కొమ్మంతా శిక్ష పడుతుంది. దీన్ని మావాళ్ళు ఐకమత్యం అంటారు. పక్కింటివాడి మీద నిఘా పెట్టించడానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు తెలీదు.

సెమీఫైనల్ రోజు పెట్టె రెండుసార్లు పడింది. అవతలి జట్టు మంచివాళ్ళు కాబట్టి మళ్ళీ ఆడించారు, మావాళ్ళు గెలిచారు. అయినా ఆట అవగానే రేనియర్ వచ్చాడు. మా కొమ్మ బాధ్యత అతనిది. ఇరవయ్యారేళ్ళవాడు, చేతిలో చిన్న మీటరు, ముఖంలో పెద్ద బాధ్యత.

"అత్తా, మీ మోటారు నా పెట్టెని చంపుతోంది."

"నెలరోజులుగా తిరుగుతోంది నా మోటారు. ఇన్నాళ్ళూ చావనిది ఇవాళ చచ్చిందా?"

"దాన్ని ఒకసారి చూడండి. చెరుకు గానుగలా ఉంది. అది కరెంటు తాగకుండా ఉంటుందా?"

"మేడమీద కొత్త ఏసీ పెట్టారు మొన్న. దాన్నడగవేం?"

ఎవెలియో గుమ్మం దగ్గర గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. "ఏసీకి వేరే లైను మరదలా. వీధి స్తంభం నుంచి నేరుగా లాగించాను. కొత్త సామాను. కాగితాలున్నాయి, గ్యారంటీ ఉంది."

"కాగితాలుంటే కరెంటు తాగదా బావా?"

"కంపెనీ సరుకుకీ క్లోరిన్ డబ్బాకీ తేడా లేదా?"

లేకేం. ఆ తేడా మీదే తీర్పు అయిపోయింది. దుకాణంలోంచి అట్టపెట్టెలో వచ్చింది మర్యాదస్తురాలు, ఇంట్లో చేసుకున్నది అలగా జనం. దొంగతనం జరిగితే ముందు ఎవర్ని పట్టుకుంటారో అందరికీ తెలుసు. రేనియర్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఫైనల్లో మోటారు లేకుండా ఆడాలి. ఇష్టం లేకపోతే జట్టులో ఆవిడ కుర్చీలో వాళ్ళింటి కుర్రాడు మైకెల్‌ని కూర్చోబెడతాడు. ఫైనల్లో కూడా ఈ ఇంటి మూలాన పెట్టె పడిందంటే వీధికి ఈ ఏడాది పోటీలుండవు, ఒడాల్మిస్‌కి ఇక ఎప్పటికీ కుర్చీ ఉండదు.

"నేను పెట్టిన రూలు కాదత్తా."

"ఎవరూ పెట్టరు నాయనా రూలు. అమలు చెయ్యడానికి మాత్రం అందరూ వస్తారు."

ఆ సాయంత్రం మా గోడకి పడ్డ తిట్లలో కొన్ని నేనెప్పుడూ విననివి.

ఏసీ ఎవరి కోసం పెట్టారో ఆ మనిషి సెమీఫైనల్ నాటి పొద్దున్నే దిగాడు. పేరు హెన్రిక్, ఉత్తర దేశాల్లో ఏదో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. కొరతలో మనిషి సృజన ఎలా వికసిస్తుందో పరిశోధిస్తున్నాడు. మంచివాడే. అదే చిక్కు. మర్నాడు ఎవెలియో ఆయన్ని ఒడాల్మిస్ గదికి తీసుకొచ్చి, పెరట్లో మొసలిని చూపించినట్టు మోటారు చూపించాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను, కాఫీ తాగుతూ.

"అద్భుతం. మీరే కనిపెట్టారా?"

"కనిపెట్టలేదు. ఫ్యాను దొరక్క పెట్టాను."

"అదే కదా ఇందులో అందం. మా దేశంలో పాడైతే పారేస్తాం. మీరు వస్తువుకి రెండో జన్మ ఇస్తారు."

ఒడాల్మిస్ బొటనవేలూ చూపుడువేలూ దాదాపు ఆనించి చూపించింది. "ఇంత స్క్రూ మీ ఊళ్ళో దొరుకుతుందా?"

"దొరుకుతుందనుకుంటా."

"మళ్ళీ వచ్చేటప్పుడు ఓ గుప్పెడు పట్రండి. జన్మల సంగతి తర్వాత చూద్దాం."

ఆయన మనసారా నవ్వాడు. ఫొటోలు తీసుకున్నాడు. నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి, ఒడాల్మిస్ చేతులు మోటారు మీద పెట్టించి ఒకటి. "మీలాంటివాళ్ళని చూసి మేం నేర్చుకోవాలి" అన్నాడు.

ఇక్కడ ఎలా ఉన్నావని ఎవరినైనా అడిగితే "ఏదో కనిపెడుతూ బతుకుతున్నా" అంటారు. అది ఏడవలేక అనే మాట. దాన్ని జాతి సుగుణంగా మార్చింది బయటి నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళు చప్పట్లు కొట్టారు కదాని నమ్మేసింది మావాళ్ళు. లేమిని తెలివి అని పిలిచారంటే, ఆ లేమికి జవాబు చెప్పాల్సినవాడు దొడ్డిదారిన జారుకున్నట్టే. పైగా తమాషా ఏమిటంటే, ఆ తెలివిని ఆకాశానికెత్తే నోరే ఇంట్లో ఏదైనా పాడయితే ముందు దాన్నే అనుమానిస్తుంది.

ఫైనల్ ఆదివారం. ఈలోపు హెన్రిక్ త్రినిదాద్ అనే మా పాత ఊరు చూడ్డానికి బస్సెక్కాడు, గదికి తాళం పడింది. ఒడాల్మిస్ మోటారూ ఆపేసింది. ఆ నాలుగు రోజులూ పెట్టె పడలేదు. వీధికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. రొట్టెల దుకాణం వరసలో నిలబడితే, "ఏమ్మా, గానుగ ఆపావట, చల్లగా ఉన్నాం" అని ఎవడో అన్నాడు. ఒడాల్మిస్ రొట్టె తీసుకుని ఇంటికొచ్చింది. ఆ రోజు మా గోడకి కూడా ఏమీ చెప్పలేదు. దానికే నాకు భయమేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఎండ కొండ మీంచి కారుతోంది. సగం వీధి ఆ ఇంట్లోనే ఉంది. రేనియర్ మేడమీద పెట్టె పక్కన కాపలా కూర్చున్నాడు. ఎక్కేముందు మోటారు వైరుని స్క్రూడ్రైవరుతో ఊడదీసి, చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు.

"నమ్మకం లేదురా?" అంది ఒడాల్మిస్.

"మీ మీద నమ్మకమే అత్తా. మోటారు మీద లేదు."

పళ్ళెం కింద గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పెట్టుకుంది. కాసేపే పనిచేశాయి. తర్వాత నీళ్ళు కారి ఒళ్ళో పడ్డం మొదలైంది, ఆవిడ మనిషి మళ్ళీ మొలాసిస్‌లో దిగబడ్డాడు. కాళ్ళు లేనివాడికి కళ్ళు మిగిలాయి. "ఎడమ అడవిలో ఇద్దరున్నారు, వెళ్ళొద్దు. వెళ్ళొద్దన్నానా. ఇప్పుడు వెళ్ళు." ఎవడెక్కడికి వస్తాడో వాడు బయల్దేరకముందే చెబుతోంది, ఎందుకంటే వచ్చాక చెబితే తన యంత్రం అందుకోలేదు. రెండు దారులు పోయాయి. కోట నిలిచింది.

హెన్రిక్ పొద్దున్నే త్రినిదాద్ నుంచి తిరిగొచ్చాడు. వెనకాల నిలబడి చూస్తున్నాడు, చొక్కా వీపుకి అంటుకుపోయింది. "ఏం పట్టుదల. ఏం పట్టుదల" అంటూ ఇంకో రెండు ఫొటోలు తీసి, "ఎండ తట్టుకోలేకపోతున్నా, కాసేపు నడుం వాలుస్తా" అని తన గదిలోకి వెళ్ళాడు. తలుపు పడింది.

గోడమీద బల్బు ఒక్కసారి ఎర్రబడి మళ్ళీ వెలిగింది. మేడమీద కోళ్ళు గోలపెట్టాయి. తెరమీద అందరూ అడుగు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఆగిపోయారు.

పైనుంచి రేనియర్ కేక. "మోటారు వేశారా అత్తా?"

"మోటారు వైరు నీ భుజానే ఉంది కదరా."

మెట్లు కాస్త ఎక్కి చూశాను. రేనియర్ తన భుజం మీది వైరు వైపు చూసుకుంటున్నాడు. అతనికి బారెడు దూరంలో ఏసీ బయటిడబ్బా వణుకుతూ నీళ్ళు కారుస్తోంది. దాని వైరు స్తంభం వైపు పోవట్లేదు. గోడవారన పాక్కుంటూ వచ్చి, పెట్టెకి కరెంటిచ్చే వైరు పుట్టిన చోటే పుట్టింది. వీధి మొత్తం నాలుగు రోజులు ఆ మేడ కింది నుంచే నడిచింది. ఎవరూ తలెత్తి చూడలేదు. కొత్త వస్తువు కదా.

కొమ్మ పడితే అవతలివాళ్ళు ఆట ఆపి ఎదురుచూస్తారు. ఒక్కసారికి మాత్రమే. ఒడాల్మిస్ కుర్చీలోంచి లేచింది. ఎవెలియో అద్దెగది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మెల్లగా మరదలా. అతిథి పడుకున్నాడు."

"వేరే లైనన్నావు బావా."

"లాగిద్దామనే. స్తంభం ఎక్కేవాడు దొరకలేదు. దొరికేదాకా తాత్కాలికంగా..."

"నలుగురి ముందు నన్ను నిలబెట్టినప్పుడు ఈ తాత్కాలికం ఏమైంది?"

"ఏం చెప్పమంటావ్? గది మూసేస్తే ఇల్లు గడవాలి కదా. ఆ కూడు నువ్వూ తింటున్నావు."

"తింటున్నాను. అందుకే నీకు గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కునే హక్కొచ్చింది."

ఒడాల్మిస్ నడవాలో ఉన్న కరెంటు బోర్డు తెరిచి, ఏసీ ఫ్యూజు పీకి, ఒంటిమీదున్న ఆస్పత్రి కోటు జేబులో వేసుకుంది. తిరిగొచ్చేసరికి రేనియర్ బల్ల కింద దూరి మోటారుకి వైరు బిగిస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు అతనికి. తలెత్తలేదు కూడా.

పెట్టె లేచింది. మోటారు లేచింది. మా అలమరలో గ్లాసులు గలగలమని ఉంటాయి. అందరం బల్బు వైపే చూస్తున్నాం. బల్బు కదల్లేదు, పెట్టె పడలేదు. ఒడాల్మిస్ మనిషి పరిగెత్తాడు.

గెలిచారా అంటే, లేదు. అప్పటికే రెండు దారులు పోయాయి. మిగిలిన దారిలో అవతలివాళ్ళని చాలాసేపు నిలబెట్టారు, ఒకసారి తరిమారు కూడా, చివరికి కోట తలుపు దగ్గర ఓడిపోయారు. ఒడాల్మిస్ తెరమీద "బాగా ఆడారు, మిత్రులారా" అని టైపు చేసింది. ఈసారి గోడకేసి తిరగలేదు. తిట్టాల్సినవాళ్ళంతా గదిలోనే ఉన్నారు.

రేనియర్ గొంతు సవరించుకున్నాడు. "వచ్చే పోటీకి పేర్లు పంపాలి. మీ పేరు ఉంచేదా అత్తా?"

"ముందు మోటారు తప్పు లేదని వీధి నెట్‌లో రాయి. నా పేరు తర్వాత."

"అందరికీ కనబడేట్టా?"

"అన్నప్పుడు అందరికీ వినబడేట్టే అన్నావు కదా."

రాశాడు. రెండు వాక్యాలే, కానీ ఊరు మొత్తం చూసేచోట. ఒడాల్మిస్ అది చదివి, ఇంకోసారి చదివి, "అచ్చు తప్పులున్నాయి, అయినా సరే" అంది. ఆ కుర్చీ అప్పటినుంచీ ఆవిడదే. మైకెల్ ఇప్పటికీ వంతు కోసం చూస్తున్నాడు.

అప్పుడే అద్దెగది తలుపు తెరుచుకుంది. హెన్రిక్ బనీనులో, ఉడికిన పీతలా ఎర్రగా నిలబడ్డాడు. "ఏసీ ఆగిపోయినట్టుంది" అన్నాడు, క్షమాపణ అడుగుతున్నట్టు. ఎవెలియో మరదలి జేబు వైపు చూసి చేతులు నలుపుకున్నాడు.

ఒడాల్మిస్ బల్ల కిందకి వంగి బోల్టులు విప్పింది. పది కిలోల మోటారుని పొట్టకి ఆనించి ఎత్తుకుని ఆ గదిలోకి నడిచి, మంచం కాళ్ళవైపు కుర్చీ మీద పెట్టి, ప్లగ్గు గుచ్చింది. కుర్చీ వణికింది. బల్లమీది గ్లాసు తనంతట తాను అంచు దాకా నడిచింది. ఆచార్యుడి కాగితాలు లేచి గోడలకి అంటుకున్నాయి.

"మీకు నచ్చింది కదా" అంది. "వాడుకోండి."

ఆయన కాసేపు దాని ముందు మర్యాదగా కూర్చున్నాడు. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు. "శబ్దం కాస్త ఎక్కువ."

"అలవాటవుతుంది. మాకు అయింది."

"ఏసీ ఎప్పటికి వస్తుందంటారు?"

"ఏదో ఒకటి కనిపెట్టండి" అని తలుపు దగ్గరగా వేసింది.

ఫ్యూజు మర్నాడు కూడా ఆ కోటు జేబులోనే పాలీక్లినిక్‌కి వెళ్ళింది. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి స్తంభం మీద ఒక మనిషి వేలాడుతూ కొత్త వైరు కడుతున్నాడు. ఇన్నాళ్ళూ దొరకనివాడు పక్క వీధిలోనే ఉంటాడట.